మల్బరీ కిరీటం

మేము డిగ్రీ చదివే కాలంలో అధికారం అనేది ఎక్కడో ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉండే వస్తువు కాదు. అది ఒక అద్దె వ్యానులో, డ్రైవరు పక్కన ఉండేది. రెక్సిన్ చిరిగి, లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తూ, కిటికీ అద్దం సగం వరకే దిగే ఆ ముందు సీటు కోసం మేము పడిన పాట్లు, పన్నిన ఎత్తులు, చేసిన ప్రమాణాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత సిగ్గేస్తుంది. ఆ తర్వాత ఆగకుండా నవ్వొస్తుంది. (ఈ మూడూ ఎప్పుడూ ఈ వరసలోనే వస్తాయి. ఇంట్లో ఒంటరిగా నవ్వుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "మళ్లా ఆ మేకేనా?" అని అడిగి వెళ్లిపోతుంది.)

ముందు నా గురించి చెప్పాలి. మాది మదనపల్లె బజారులో చిల్లర అంగడి. మాకు అటు పక్క బట్టల కొట్టు, ఇటు పక్క చెప్పుల అంగడి, ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టు. అంటే నాకు మాటలు వచ్చేనాటికే నా చుట్టూ నాలుగు వైపులా బేరం జరుగుతూ ఉండేది. మిగతా పిల్లలు ఎక్కాలు నేర్చుకునే వయసులో మా నాయన నన్ను బియ్యం మూట మీద కూర్చోబెట్టి చెప్పిన పాఠం ఇది: "ఒరేయ్, నీకు కావాల్సింది ఎప్పుడూ అడగద్దు. దానికన్నా పెద్దది అడుగు. ఎదుటోడు అదిరిపోతాడు. అప్పుడు మెల్లిగా తగ్గుతా తగ్గుతా వచ్చి నీకు కావాల్సిన కాడ నిలబడు. వాడు నేనే గెల్చినానని సంబరంగా ఇంటికి పోతాడు, నువ్వు నీ వస్తువు తీసుకోని పో." ఈ విద్యలో నేను ఎంత ఆరితేరానంటే, మా బజారులో నేను చెప్పులు కొనడానికి వస్తున్నానంటే అంగడాయన భోజనానికి వెళ్లిపోయేవాడు. నన్ను అందరూ 'బేరాలోడు' అనేవాళ్లు. అది తిట్టని నాకు చాలాకాలం తెలియదు. బిరుదనుకున్నాను.

ఇలాంటి నన్ను కాలేజీలో మా తెలుగు సార్ నాటకంలోకి తీసుకున్నారు. నటన చూసి కాదు. తెర గుడ్డ, రంగులు, మైకు సెట్టు సగం ధరకు తెస్తానని. నాటకం ఆయనే రాశారు. పేరు 'మంద'. కథ చిన్నది. తోడేలు భయంతో గొర్రెలూ మేకలూ కలిసి తమలోనే ఒక పొట్టేలును రాజుగా ఎన్నుకుంటాయి. ఆకులతో కిరీటం అల్లి పెడతాయి. మొదట్లో రాజు బంగారం లాంటివాడు. తర్వాత మంచి గడ్డి ఉన్న గట్టు తనకే అంటాడు. తర్వాత నీడ తనకే అంటాడు. ఆఖరికి మందను కాపాడాల్సినవాడే తోడేలుతో ఒప్పందం చేసుకుని అమావాస్యకొక మేకను పంపిస్తానంటాడు. మంద తల వంచుకుంటుంది. తెర. మొదటి రోజు సార్ ఇదంతా చదివి వినిపించాక నేను, "ఇది ఎవరి మీద రాసినారు సార్?" అని అడిగాను. సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "విని ఎవడు ఉలిక్కిపడితే వాని మీద" అన్నారు. నేను ఉలిక్కిపడలేదు. పకపకా నవ్వాను. ఆ నవ్వును సార్ ఎక్కడో గుర్తుపెట్టుకున్నారని నా అనుమానం.

రాజు వేషం రాయప్పది. అది వాడి అసలు పేరు కాదు, వాళ్ల నాయన రాళ్ల పనిని బట్టి మేము పెట్టింది. వాడిది కుప్పం దగ్గర శాంతిపురం. వాళ్ల నాయన గ్రానైటు క్వారీలో రాళ్లు కొట్టేవాడు, ఇంటి దగ్గర నాలుగు మేకలు ఉండేవి. వాడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. మామూలుగా మాట్లాడమంటే నోట్లోంచి మాట ఊడిపడదు. కానీ స్టేజీ ఎక్కి "ఓ నా మందా!" అన్నాడంటే వెనక వరసలో శనక్కాయలు ఒలిచేవాళ్లు కూడా చేతులు ఆపేసేవాళ్లు. గొర్రెల పెద్ద వేషం చౌడేపల్లె అక్కది. నిజానికి నాకంటే ఒక్క సంవత్సరమే పెద్ద. వాళ్లింట్లో ఆవులు. పొద్దున్నే పాలు పిండి, పాల ఆటోలోనే కాలేజీకి వచ్చేది. ఆవిడ నోటికి జడిసి మా ప్రిన్సిపాల్ సారే పక్కదారిన వెళ్లేవారు. ఇంక మందలో మిగతా సగం మంది కురబలకోట వైపు పిల్లలు, గొర్రెల వెనకాలే పెరిగినవాళ్లు. వాళ్లు స్టేజీ మీద నెమరువేస్తుంటే నిజమైన గొర్రెలకు కూడా అసూయ పుట్టేది.

ట్రూపుకు మేనేజరు ఒక సీనియరు. వేషం తోడేలు. ఎండలో అడుగు బయట పెడితే జూనియరు ఎవడో ఒకడు ఆయనకు గొడుగు పట్టాలి, అందుకని మేమంతా చాటుగా గొడుగన్న అనేవాళ్లం. బోండాల పొట్లం వస్తే మొదటి చెయ్యి ఆయనది. రిహార్సల్ గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆయనది. ఫ్యాను ఆయన వైపే తిరిగి ఉండేది (దాని మెడ విరిగిపోయి వేరే వైపు తిరగదని తర్వాత తెలిసింది. కానీ అప్పటికే విప్లవం అయిపోయింది).

ఆ విప్లవం మదనపల్లె ప్రదర్శన అయిపోయాక, పుంగనూరు ప్రదర్శనకు బయల్దేరే రోజు పొద్దున జరిగింది. కాలేజీ గేటు దగ్గర వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు సాబ్ మామ హారన్ కొట్టాడు. గొడుగన్న అలవాటు ప్రకారం ముందు సీటు తలుపు మీద చెయ్యి వేశాడు. అంతే! నేను రోడ్డుకు అడ్డంగా నిలబడి గట్టిగా అరిచాను: "ఈ పొద్దు ముందు సీటు ఎవురిదో తేలితేనే బండి కదిలేది!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.  వెనక నుంచి చౌడేపల్లె అక్క అందుకుంది: "అదే కదా! మేమేమన్నా మూటలమా, వెనకాల పడేసి తోలుకపోయేదానికి?" కురబలకోట పిల్లలు "మే... మే..." అని ఒకటే కేకలు. గొడుగన్న బిత్తరపోయి, "ఏమప్పా, నేనేం చేస్తిని?" అన్నాడు. "గొడుగు!" అని ఒకడు. "బోండాలు!" అని ఇంకొకడు. "ఫ్యాను!" అని మూడోవాడు. పాపం, ఆయన ముఖం చూస్తే ఇప్పుడు జాలేస్తుంది. అప్పుడు మాత్రం ఆనందంతో గాల్లో తేలిపోయాను.

అక్కడే, వ్యాను పక్కనే ఎన్నిక. చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ నా పేరు మీదే లేచాయి. రాయప్పయితే రెండు చేతులూ ఎత్తాడు. నేను వ్యాను మెట్టెక్కి ప్రమాణం చేశాను: ముందు సీటు వంతుల ప్రకారం, బోండాలు అందరికీ ఒకేసారి, గొడుగు ఎవరికీ లేదు, ఎవరికి ఏ ఆలోచన వచ్చినా ఎప్పుడైనా ఎవరైనా చెప్పొచ్చు. చప్పట్లు! ఈలలు! మొదటి వంతు చౌడేపల్లె అక్కది. ఆవిడ కొంగు సర్దుకుని మహారాణిలా ఎక్కి కూర్చుంది. సాబ్ మామ గేరు వేస్తూ, "నాకేం బా! ముందు సీట్లో ఎవురు కూసున్నా బండి పోయేది పుంగనూరికే" అన్నాడు. ఆ మాటలో ఉన్న లోతు నాకప్పుడు అందలేదు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇక్కడి నుంచి నేను చేసినవన్నీ న్యాయంగానే చేశాను. దారిలో టీ కోసం ఆగినప్పుడు నేను, "ఇట్ల కాదప్పా, మేనేజరంటే వెనకాల ఒక వరస మొత్తం కావాల, సామాన్లు పెట్టుకోవాల, లెక్కలు చూసుకోవాల" అన్నాను. అందరూ అదిరిపోయారు. "వరసంతానా? అన్యాయంరా!" అన్నారు. నేను ఎంతో బాధగా ముఖం పెట్టి, కాసేపు ఆలోచించి, "సరేలే, మీ మాట యాల కాదనాల. వరస వద్దు. దారి చూసేదానికి ముందు సీటు ఒక్కటి ఇయ్యండి చాలు" అన్నాను. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఒక వరస మిగిలింది కదా! అక్క కూడా, "పోనీలే పాపం, తగ్గినాడు" అంటూ దిగి వెనక్కి వెళ్లింది. అంతా గెలిచామనుకున్నారు. నేను ముందు సీట్లో కూర్చుని, సగం దిగిన అద్దంలోంచి వచ్చే గాలికి కళ్లు మూసుకున్నాను. ఆహా! ఆ స్పాంజి మెత్తదనం! గొడుగన్న మీద నాకు మొదటిసారి కొంచెం గౌరవం కలిగింది.

పుంగనూరులో నాటకం అదరగొట్టేశాం. రాయప్ప "ఈ మందలో నా మాటే మాట!" అన్నప్పుడు నిశ్శబ్దం ఎట్లా ఉందంటే, మైకు గుర్రుమనడం కూడా వినిపించింది. అయిపోగానే జనం "రాజు ఎవురప్పా, రాజును పిలవండి" అని ఒకటే గోల. పెద్దమనిషి ఒకాయన స్టేజీ ఎక్కి రాయప్పకు శాలువా కప్పాడు. పుంగనూరు ఆవు అంత చిన్నగా ముద్దుగా ఉండే ఒక ముసలామె వాడి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. తెర చాటున తాడు పట్టుకుని నిలబడ్డ నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. కాదు, అబద్ధమెందుకు, ఒకాయన అడిగాడు. "టెంటు సామాన్లు నీవేనా అప్పా?" అని.

తిరుగు ప్రయాణంలో ఆ దిగులుతోనే ముందు సీట్లో ధబేలుమని కూర్చున్నాను. కింద ఏదో కరకరమంది. లేచి చూస్తే కిరీటం! అట్టముక్కలు, రంగు కాగితాలతో సార్ వాళ్ల అమ్మాయి వారం రోజులు కూర్చుని చేసిన ఆకుల కిరీటం అప్పడంలా అయిపోయింది. సాబ్ మామ ఓరకంట చూసి, "యా అల్లా, రాజ్యం పాయె" అన్నాడు. వెనక్కి తిరిగి, "ఎవురురా కిరీటం ఈడ పెట్టింది?" అని గద్దించాను.  "నువ్వేనన్నా. భద్రంగా ఉంటాదని" అంది ఒక సన్నటి గొంతు. "సరే, జరిగిందేదో జరిగింది, ఇంక దాని గురించి మాట్లాడద్దండి" అని తీర్పు చెప్పాను. ఎవరూ మాట్లాడలేదు. నా తీర్పులకు విలువ పెరుగుతోందని సంతోషించాను.

పై వారం కుప్పం ప్రదర్శన. మధ్యలో రిహార్సళ్లు. ఆ కొద్ది రోజుల్లో నా బేరాలు చూసి ఉంటే మా నాయన ఆనందంతో అంగడి కట్టేసి పండగ చేసుకునేవాడు. రెండు కుర్చీలు అడిగి ఒక కుర్చీకి తగ్గాను. పాలు ఎక్కువేసిన టీ, దాంతో పాటు బన్ను అడిగి, బన్ను వదిలేశాను. గొడుగు పూర్తిగా వద్దన్నాను, ఎండ నెత్తిన పడే మధ్యాహ్నం పూట మాత్రం తప్ప. గొడుగు పట్టడానికి వచ్చిన పిల్లవాడికి గొడుగన్నే దగ్గరుండి నేర్పాడు: "కొంచెం ఎడమకి వంచాల్రా. నాకు తెలుసు, ఎండ ఆ పక్క నుంచే కొడతాది." అందరూ నన్ను "రేయ్" అనడం మానేసి "అన్నా" అంటున్నారు. ఏం చెప్పినా "అట్లనే అన్నా". ఒక్క అడ్డంకి మాత్రం ఉండేది. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవడో ఒకడు "అన్నా, ఒక మాట..." అని లేచేవాడు. అందుకని ఒక చిన్న రూలు పెట్టాను: సలహాలన్నీ రిహార్సల్ అయినాకే. రిహార్సల్ ఎప్పుడు అయిపోయిందో చెప్పేది నేను. (అది ఏ రోజూ అయిపోలేదు.)

ఇంక మిగిలింది రాజు వేషం. శాలువా నా కళ్ల ముందే ఊగుతోంది. రాయప్పను పక్కకు పిలిచి, "ఒరేయ్, కుప్పంలో నాటకం కొత్తగా ఉండాల. నీకు తోడేలు వేషం ఇస్తా, రాజు, ఆఖరి డైలాగు రెండూ నేను చూసుకుంటా" అన్నాను. వాడి ముఖం నల్లబడింది. "తోడేలు గొడుగన్నది కదన్నా" అన్నాడు. నేను తగ్గాను: "సరేలే, నీ కోసం తోడేలు జోలికి పోను. నువ్వు రాజభటుడు. ఆఖరి సీన్లో తోడేలుకు పంపించే మేకను పట్టుకోని వచ్చి, తెచ్చినాను రాజా, అంటావు. నిజమైన మేక! జనం పడి చస్తారు!" వాడు చాలాసేపు కాలి బొటనవేలితో నేల రాశాడు. తర్వాత, "కుప్పానికి మా నాయన వస్తాండాడన్నా. నేను రాజునని చెప్పినా. క్వారీలో సెలవు అడిగినాడు. మా అమ్మ, మా అత్తోళ్లు అందురూ ఆటో కట్టుకోని వస్తారు. నేను యాడా స్టేజీ ఎక్కింది వాళ్లు సూళ్లేదు" అన్నాడు. అంత పొడుగు మాట వాడి నోట నేను అంతకుముందు వినలేదు. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగిపోయేవాళ్లు. కానీ నాలో ఉన్న అంగడి బుర్ర ఆగితేగా! "ఇంకేం, మంచిదాయె! ఆటోలో వచ్చేటప్పుడు మీ ఇంటి మేకనొకదాన్ని తెమ్మను. బయట అద్దె ఇచ్చేది తప్పుతాది" అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, "అట్లనే అన్నా" అన్నాడు.

కుప్పంలో వ్యాను దిగగానే ఎండ. గొడుగు వచ్చింది. ఆ గొడుగు కింద నిలబడి నేను ఆ రోజు రెండు గొప్ప నిర్ణయాలు తీసుకున్నాను. ఒకటి, కిరీటం. కాగితం కిరీటం చేయించే వ్యవధి లేదు. ఆ పక్కనే మల్బరీ తోట. పట్టుపురుగుల కోసం కోసిన లేత కొమ్మలు గట్టు మీద మోపుగా ఉన్నాయి. రైతునడిగితే, "తీస్కోప్పా, రెండు కొమ్మలకు ఏముండాది" అన్నాడు. ఊరికే వచ్చింది! నిగనిగలాడే పచ్చటి ఆకులు, కొమ్మలతో సహా నార తాడుతో తలచుట్టూ కట్టించుకున్నాను. చెవుల మీదుగా భుజాల దాకా వేలాడుతున్నాయి. సాక్షాత్తు వనదేవతలా ఉన్నాను. రెండోది, మేక. ఆటోలోంచి దిగిన ఆ మేకను చూసి నేను వేసిన ఆజ్ఞ: "నాటకం అయ్యేదాకా దీనికి ఒక్క పరక గడ్డి కూడా పెట్టద్దండి. స్టేజీ మీద పాడు చేస్తాది." రాయప్ప ఒక్కసారి నా కిరీటం వైపు చూశాడు. మేక వైపు చూశాడు. కురబలకోట పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చౌడేపల్లె అక్క నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. తర్వాత అందరూ కలిసి ఎంతో వినయంగా, "అట్లనే అన్నా" అన్నారు.

సాయంత్రం మైదానం నిండిపోయింది. తెర సందులోంచి చూస్తే ముందు వరసలోనే శాంతిపురం ఆటో జనం. మధ్యలో రాయప్ప నాయన, ఉతికిన తెల్ల పంచె, మెడలో కొత్త తువ్వాలు. చేతులు మాత్రం రాతిపొడి ఎన్నటికీ వదలని చేతులు. పక్కవాళ్లతో, "రాజు మావోడే. సూడండి, ఇప్పుడొస్తాడు" అంటున్నాడు. ఆ మాట నా చెవిన పడింది; వేషం మారిందని రాయప్ప ఇంటివాళ్లకు చెప్పుకోలేదన్నమాట. ఒక్క క్షణం కిరీటం బరువనిపించింది. కానీ అప్పటికే మైకులో నాటకం పేరు చెప్పేశారు.

తెర లేచింది. రాజు వచ్చాడు. నేను! ముందు వరసలో ఆ తువ్వాలాయన ముందుకు వంగి కళ్లు చికిలించి చూశాడు. పక్కనావిడ, "వీడు మనోడు కాదే?" అంది. ఆయన మెల్లగా వెనక్కి వాలి కూర్చున్నాడు. అది చూడకూడదని నేను ఎంత గట్టిగా అనుకున్నానో నాకే తెలుసు, అందుకే డైలాగులు ఇంకా గట్టిగా చెప్పాను. మంద వంగి వంగి దండాలు పెట్టింది. గట్టు నాదన్నాను. నీడ నాదన్నాను. గొడుగన్న తోడేలు తోక ఊపుకుంటూ వచ్చి ఒప్పందం అడిగాడు. ఒప్పుకున్నాను. ఆఖరి సీను! దుప్పటి కప్పిన కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "మేకను తీసుకురండి!" అని ఉరిమాను.

రాయప్ప వచ్చాడు. తాడు చివర మేక. అది స్టేజీ మధ్యకు వచ్చి, ముక్కు ఎగబీల్చి, ఆగింది. నా వైపు చూసింది. నన్ను కాదు, నా నెత్తి వైపు. దాని కళ్లలో వెలుగు చూశాను. రాయప్ప గంభీరంగా, "తెచ్చినాను రాజా" అన్నాడు. నేను లేచి ఆఖరి డైలాగు అందుకున్నాను: "ఈ మందలో నా మాటే మాట! ఎదురాడేది ఎవరు?"

"మ్మే!" అంది మేక.

మైదానం గొల్లుమంది. నేను గబుక్కున కూర్చున్నాను, అదే తప్పు. మేక రెండు ముందుకాళ్లూ నా ఒళ్లో పెట్టి, నా ఎడమ చెవి పక్కనున్న కొమ్మను పుటుక్కున తెంపి నమలసాగింది. రాజ్యం కంటే పరువు ముఖ్యం కదా, నేను కదలకుండా, పెదాలు కదపకుండా, "ఒరేయ్, తాడు లాగరా" అన్నాను. రాయప్ప చేతిలో తాడు వదులుగా వేలాడుతోంది. వాడు జనం వైపు తిరిగి, ఛాతీ విరిచి, పుంగనూరులో రాజుగా వాడిన గొంతుతో, "తెచ్చినాను రాజా!" అన్నాడు. కుడి చెవి పక్క కొమ్మ పోయింది. "లాగరా అంటే!" అన్నాను. "తెచ్చినాను రాజా!" మైదానం ఊగిపోతోంది. ఈలలు, చప్పట్లు, "తినవే తల్లీ, తిను!" అని ముందు వరసలోంచి ఒక ఆడగొంతు (మేక వాళ్లదే కదా). అంతలో ఇంకో ఘోరం. తల వంచుకుని ఉండాల్సిన మంద తల ఎత్తింది. చౌడేపల్లె అక్క నాలుగు కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, నా నెత్తి మీంచి ఒక ఆకు తెంపి, నోట్లో పెట్టుకుని, నా కళ్లల్లోకి చూస్తూ నింపాదిగా నమిలింది. ఆ వెనకాల కురబలకోట పిల్లలంతా. తలా ఒక ఆకు. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ ముందు పడలేదు. బోండాల దగ్గర నేను చేసిన ప్రమాణం అక్కడ అమలైంది. ఆఖరికి నా తల మీద మిగిలింది ఒక నార తాడు. తోడేలు గొడుగన్న ఒకసారి నన్ను, ఒకసారి మందను చూసి, జనం వైపు తిరిగి, "రాజే అయిపాయె. ఇంక నేను ఎవురితో బేరం చేసేదప్పా?" అంటూ తోక చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తెర!

ఆ చప్పట్లు! మదనపల్లె, పుంగనూరు రెండూ కలిపినా అంత రాలేదు. తెర వెనక నేను నార తాడుతో కూలబడి ఉంటే సార్ వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు, నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చి. "తల వంచుకునే ముగింపు నాకు ఎప్పుడూ నచ్చలేదురా. ఇంకోటి తట్టక పెట్టినా. ఈ మేక రాసింది" అన్నారు.

అప్పుడు వచ్చాడు రాయప్ప నాయన.  లేచి నిలబడి, "మామా, వేషం మారింది... అంటే నేనే..." అని నసుగుతున్నాను. బతుకంతా నోటి మాటతో వ్యాపారం చేసిన కుటుంబంలో పుట్టి, ఆ ఒక్క చోట నాకు మాట దొరకలేదు. ఆయన నన్ను పక్కకు జరిపి కొడుకు దగ్గరికి వెళ్లాడు. మెడలోని కొత్త తువ్వాలు తీసి వాడి భుజం మీద వేశాడు. "రాజు వేసం ఎవురన్నా ఏస్తార్రా. రాజును దించేది నేను ఈ పొద్దే సూస్తి. ఒక్క మాటతో దించినావు కదరా!" అన్నాడు.  రాయప్ప తువ్వాలు చివర పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు గూడా బాగా చేస్తివప్పా. కుర్సీలోంచి కదల్లేదు సూడు, అచ్చం అట్లనే ఉంటారు" అన్నాడు. ఇది పొగడ్తో కాదో తేల్చుకోలేక నేను దండం పెట్టాను.

తర్వాత రాయప్పను, అక్కను అడిగాను. "మీకందరికీ తెలుసు కదా, మేకకు మల్బరీ ఆకంటే ప్రాణమని. యాల చెప్పలేదు?" అక్క ముఖం కడుక్కుంటూ, "సలహాలు రిహార్సల్ అయినాక అంటివి కదప్పా. అయిందని నువ్వు చెప్తే కదా మేము చెప్పేది" అంది. రాయప్ప మాత్రం, "నేను చెప్పాలనే ఉన్నిందిరా. నువ్వు గొడుగు కింద ఉంటివి" అన్నాడు. చాలా రోజుల తర్వాత వాడు నన్ను "రా" అన్నాడు. ఆ ఒక్క అక్షరం ఎంత తియ్యగా ఉందో! దానికి బదులుగా నేనేమీ అడగలేదు. నా జీవితంలో బేరమాడకుండా పుచ్చుకున్న మొదటి వస్తువు అదే అయ్యుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు శాంతిపురం దాకా రాయప్ప నాయనను మా వ్యానులోనే ఎక్కించుకున్నాం. ముందు సీటు ఆయనకిచ్చాం. ఆయన ఒళ్లో మేక. సగం దిగిన అద్దంలోంచి తల బయట పెట్టి, గడ్డం గాలికి ఎగురుతుండగా అది ఎంత దర్జాగా వెళ్లిందో! సాబ్ మామ, "ఇన్ని నాళ్లకు ఈ సీట్లో కూసోవాల్సినోళ్లు కూసున్నారు బా" అన్నాడు. నేను వెనకాల తెర గుడ్డల మూట మీద, గొడుగన్న పక్కన. ఆయన నా భుజం తట్టి, "మొదట్లో కొంచెం కష్టంగా ఉంటాది. అలవాటైపోతాది" అన్నాడు. ఆయనంత మంచి మనిషని నాకు అంతకుముందు తెలియదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. రాయప్ప ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, ఫోన్ చేస్తే ఇప్పటికీ మొదటి మాట "తెచ్చినాను రాజా" అనే. నేను మా నాయన అంగడిలోనే కూర్చుంటున్నాను. మొన్న మా బజారు వర్తకులంతా కలిసి నన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాను (పెద్దది అడగకుండానే పెద్దది ఇచ్చేశారు, ఏం చెయ్యను). మొదటి మీటింగులో వెన్నుకు టర్కీ తువ్వాలు వేసిన కుర్చీ ఒకటి విడిగా పెట్టారు. ఫ్యాను నా వైపు తిప్పారు. నేను గొంతు సవరించుకుని, అంగళ్లు మూసే వేళ గురించి ఏదో చెప్పాను. అంత గొప్ప మాటేం కాదు. అందరూ ఒక్క గొంతుతో, "అట్లనే అన్నా" అన్నారు.

నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్లింది. తడుముకుని చూసుకున్నాను. అక్కడ ఇప్పుడు ఆకులూ లేవు, వెంట్రుకలూ పెద్దగా లేవు. అయినా ఎందుకైనా మంచిదని లేచి, నా కుర్చీ తీసుకెళ్లి వాళ్ల వరసలో ఒక మూలన వేసుకుని, "ఇప్పుడు చెప్పండప్పా, నేను చెప్పిన దాంట్లో తప్పేముండాది?" అన్నాను.

ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ సాయంత్రమంతా నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను, ఆ మేక ఎప్పుడు వస్తుందా అని.